ముడి కట్టిన రికార్డులు

మెయిన్‌రోడ్డు వెడల్పు చేస్తామని మా కొట్టు గోడ మీద ఎర్ర గీత గీసి వెళ్ళిన రోజునే మా అన్నతో చెప్పాను, ఈ రికార్డులన్నీ అమ్మేద్దామని. ఆయన వినలేదు. ఒప్పుకోలేదని కాదు, వినపడలేదు. నలభై ఏళ్ళు మైకు గొట్టాల కింద కూర్చున్న మనిషికి చెవులెక్కడుంటాయి? కుడిచెవి దగ్గరికి వంగి మళ్ళీ అరిచాను. తలెత్తి నన్నొకసారి చూసి, "అమ్మితే ఎవడు కొంటాడ్రా?" అన్నాడు.

ఆ మాటా నిజమే. అది రెండువేల రెండు, ఎండాకాలం. పెళ్ళిళ్ళకి మనిషెత్తు సౌండు బాక్సులొచ్చేశాయి. క్యాసెట్లే మూలపడి సీడీలు నడుస్తున్నాయి. మా 'భీమరాజు మైకు సెట్టు'ని ఆఖరిసారి పిలిచింది ఏడాది కిందట, ఎవరిదో పాడిగేదె తప్పిపోతే ఊళ్ళో చాటించడానికి. గేదె దొరికింది. మాకు మళ్ళీ పిలుపు రాలేదు.

ఆ రికార్డుల మీద నాకు ప్రేమేమీ లేదు. ఆరో తరగతి పరీక్షలు రాస్తుంటే మా అన్న బడికొచ్చి నన్ను లేపుకుపోయాడు. కోరుకొండ తీర్థానికి మైకు ఒప్పుకున్నాడట, బ్యాటరీలు మొయ్యడానికి మనిషి లేడట. తీర్థం ఐదు రోజులు. బడికి మళ్ళీ వెళ్ళలేదు. లెక్కల పరీక్ష సగంలో వదిలేసిన కాగితం ఏమైందో ఇప్పటికీ తెలీదు. అప్పట్నుంచి కొబ్బరిచెట్లెక్కి గొట్టాలు కట్టడం, దిగి వైర్లు లాగడం, ఆయన తిట్లు తినడం. ఊళ్ళో వాళ్ళ పెళ్ళిళ్ళన్నీ చెట్టుమీంచే చూశాను.

ఆ రికార్డుల్లో ఒక్క పెట్టె మాత్రం వదిలించుకోవాలని పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను. దాని సంగతి చెప్పాలి.

పాట తిరుగుతుండగా చావుకబురొస్తే, ఆ రికార్డు ఇంకెప్పుడూ వెయ్యకూడదని మా అన్న పట్టింపు. ఆయనకి పని నేర్పినాయన దగ్గర్నుంచి వచ్చిన పట్టింపు. ఆ రికార్డు తీసి, మధ్య బెజ్జంలోంచి నల్లదారం దూర్చి, అంచు చుట్టూ తిప్పి ముడి వేసేవాడు. పెళ్ళిలోనో వ్రతంలోనో ఒక ముసలాయన పోతాడు, తీర్థంలో ఎవరికో గుండె ఆగుతుంది, పడవ మునిగిందని కబురొస్తుంది. అలా నలభై ఏళ్ళలో పంతొమ్మిది రికార్డులు. అన్నీ ఒక చెక్కపెట్టెలో పెట్టి తన మంచం కింద దాచాడు. దాన్ని ముడిపెట్టె అనేవాళ్ళం. అందులో ఒకటి మా పాపాయిది.

పాపాయి నా కూతురు. ఎనభై మూడు మాఘమాసంలో పోయింది. ఐదేళ్ళు. ఆ రోజు మా ఊళ్ళోనే రైసుమిల్లు వాళ్ళమ్మాయి పెళ్ళి, పగటి ముహూర్తం. మా అన్న భోజనాల దగ్గర గొట్టం సరిచెయ్యడానికి వెళ్ళాడు. మిషను దగ్గర నేనున్నాను. తలంబ్రాలు మొదలయ్యాయి. బావని మరదలు ఆటపట్టించే పాట ఒకటుంటే అది వేశాను. ముల్లు పెట్టి ఎంతోసేపు కాలేదు, పక్కింటి సంపూర్ణమ్మ తడిచీరతో రొప్పుకుంటూ వచ్చింది.

"చిట్టియ్యా, పాపాయి కాలవలో పడిపోయిందిరా! తీశారు. వేణి నిన్ను రమ్మంటంది, సైకిలు తీసుకునొచ్చెయ్!"

తలంబ్రాల వేళ పాట మధ్యలో ఆగితే కొత్త జంటకి అరిష్టమంటారు. అంతకుముందు ఏడాది కరెంటు పోయి పాట ఆగిందని ఒక మైకువాణ్ణి పందిరి రాటకి కట్టేశారు. ఆ భయం ఒకటి. రెండోది, తీశారు అంది కదా. తీశారంటే గండం గడిచినట్టే అనుకున్నాను. పిల్ల తడిసి ఏడుస్తుంటుంది, తల్లి కంగారు పడుతుంటుంది, అంతే అనుకున్నాను. "ఈ పాట అవనీ, వచ్చేస్తా" అన్నాను. ఆవిడ వెనక్కి పరిగెత్తింది. నేను పాట అయ్యేదాకా మిషను దగ్గరే నిలబడ్డాను.

నేను రేవుకి వెళ్ళేసరికి పాపాయికి ఇంకా ఊపిరుంది. సైకిలు వెనకాల వేణి ఒళ్ళో పిల్లని పెట్టుకుని కూర్చుంది. మండపేట ఆసుపత్రికి తొక్కాను. సగం దారిలో, "ఆపండి" అంది వేణి. ఎందుకని నేనడగలేదు.

వేణి అంటే నా భార్య వీరవేణి. ఆవిడతో నేను చెప్పింది వేరు. పెళ్ళి జనంలో సంపూర్ణమ్మకి నేను కనపడలేదనీ, కబురందగానే పరిగెత్తుకొచ్చాననీ చెప్పాను. సంపూర్ణమ్మ ఆ మాట కాదనలేదు. రెండేళ్ళకి ఆవిడా పోయింది. ఇంక నిజం తెలిసింది మా అన్నకొక్కడికే. ఆ రోజు సాయంత్రం ఆయన నన్ను అడిగింది ఒక్కటే, "కబురొచ్చినప్పుడు ఏది తిరుగుతోంది?" అని. నా మతి నాలో లేదు, ఉన్నది చెప్పేశాను. వెళ్ళి దానికి ముడి వేశాడు. తర్వాత ఎన్నిసార్లు కాళ్ళావేళ్ళా పడ్డానో, దాన్ని విరగ్గొట్టెయ్యమని. "విరగ్గొట్టడానికి నేనెవణ్ణిరా" అనేవాడు. ఆ ముడి ఉన్నంతకాలం, కబురు వచ్చినప్పుడు పాట తిరుగుతోందనడానికి సాక్ష్యం ఉన్నట్టే. చేసింది నేను, దాచింది ఆయన. అయినా నా కోపమంతా ఆయన మీదే. కోప్పడ్డానికి ఇంకెవరూ లేరు.

సరే, అమ్మకం సంగతి. వైరింగు పని చేసే మా అబ్బాయి ఎవరింట్లోనో చెప్తే, ఆ మాట పట్టుకుని కాకినాడ నుంచి సత్యప్రసాద్ గారని ఒకాయన వచ్చాడు. బ్యాంకులో ఉద్యోగం, పాత రికార్డులు పోగెయ్యడం పిచ్చి. పొద్దున్నే వచ్చేశాడు. నాకదే కావాలి. మధ్యాహ్నం వేణి కేరేజీ పట్టుకొచ్చేలోగా పెట్టెలన్నీ ఎత్తించేయాలని నా ఆలోచన. భోజనం తేవద్దని ఆవిడకి చెప్పే వచ్చాను.

ఆయన చాప మీద కూర్చుని మెత్తటి బ్రష్షొకటి తీశాడు. మొదటి రికార్డు అట్టలోంచి లాగి వేళ్ళు చూసుకున్నాడు.

"ఏంటండీ ఈ జిడ్డు?"

"కొబ్బరినూనండి" అన్నాడు మా అన్న గర్వంగా. ఆయన కుడిచెవికి ఆ మాట ఎలా ఎక్కిందో మరి.

"రికార్డుకి కొబ్బరినూనా!"

"తలకి రాసుకుంటే తలపోటు తగ్గట్లేదేంటండీ? దీనికి రాస్తే గరగర తగ్గుద్ది. వారానికోసారి నేనే రాసేవోణ్ణి. మావోడికి రాయడం రాదు, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ."

"నాకు చదువే రానివ్వలేదు, నూనె రాయడమెలా వస్తది" అన్నాను.

"చూశారాండీ? నలభయ్యేళ్ళయ్యింది, ఇంకా ఆ పరీచ్చ రాస్తానే ఉన్నాడు."

సత్యప్రసాద్ గారు నవ్వలేదు. ఒక్కొక్కటీ ఎండకి వంచి గీతలు చూస్తున్నాడు. నూనెలో దుమ్ము పేరుకుని, దాని మీద బరువైన ముల్లు నడిచి నడిచి, ఏ రికార్డూ రికార్డులా లేదు. నాలుగొందలు పైగా చూశాడు. పదకొండవుతోంది. బ్రష్షు పక్కన పెట్టేశాడు.

"ఏమీ అనుకోకండి. ఇవి మాకు పనికిరావండి. అరిగిపోయాయి."

మా అన్న మొహం చూడలేకపోయాను. నూనె రాసి రాసి ప్రాణంలా చూసుకున్నవి, ఆ నూనె వల్లే పాడైపోయాయని ఆయనకెవరు చెప్తారు? నేను చెప్పలేదు. మంచం కిందకి వంగి ముడిపెట్టె బయటికి లాగాను.

"ఇవి చూడండి. ఇవి వేసి చానాకాలమైంది."

"ఒరేయ్!" అని లేచాడు మా అన్న.

సత్యప్రసాద్ గారు అప్పటికే మూత తీశాడు. ఒకటి ఎండకి పెట్టి చూశాడు. ఆయన మొహం మారిపోయింది. చాలావరకు ఒకటి రెండుసార్లు తిరిగి ఆగిపోయినవి. కొన్ని కొన్న వారంలోనే ముడిపడ్డవి. నల్లగా, నీళ్ళలా మెరుస్తున్నాయి.

"ఇలాంటివి ఈ జిల్లాలో ఇంకెక్కడా చూళ్ళేదండి. ఈ పెట్టె మొత్తం తీసుకుంటాను. ఈ దారాలేంటి?"

మా అన్న పెట్టె మీద చెయ్యి వేసి నొక్కిపట్టాడు. "ఇవి అమ్మకానికి కాదండి."

నేను ఆయన కుడిచెవిలో అరిచాను. "పదిరోజుల్లో ఈ కొట్టు పడగొడతారు! ఎక్కడెడతావు? నెత్తినెట్టుకుంటావా? మా ఇంట్లోకి మాత్రం ఈ పెట్టె రానివ్వను!"

"ఎందుకు రానివ్వవో నాకు తెలవదా?" అన్నాడు, మెల్లగా. మెల్లగా మాట్లాడ్డం ఆయనకి ఎప్పుడో పోయింది అనుకున్నాను. పోలేదు.

పెట్టె మీంచి చెయ్యి తీశాడు. చివరికి సత్యప్రసాద్ గారి వైపు తిరిగాడు. "తీస్కెళ్ళండి. కానీ ఒకటండి. ఇది ఎవరిది, ఏ ఊళ్ళో అన్నది నేను చెప్తాను, మీరు రాసుకోవాలి. రాసుకున్నాకే తీస్కెళ్ళాలి. పేరు లేకుండా పోకూడదండి."

ఆయన వెంటనే పుస్తకం, పెన్ను తీశాడు. ఇలాంటి వాళ్ళకి ఇలాంటివంటే సరదా.

మా అన్న ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. "ఇది చంద్రరావు గారి నాన్నగారిది. ఆలమూరు. సత్యనారాయణ వ్రతం, ప్రసాదం నోట్లో ఉండగానే పోయాడు. అదృష్టవంతుడు, కానీ ప్రసాదం బాలేదండి ఆ రోజు, ఉప్మాలాగుంది. రాసుకోండి. ఇది కోరుకొండ మెట్ల మీద. ముసలమ్మ, పిఠాపురం నుంచొచ్చింది. పేరు తెలీలేదు, ఎర్రంచు చీర. ఇది లంకలో, సమర్త ఫంక్షను. గోదారిలో పడవ తిరగబడిందని కబురు. నలుగురు. నలుగురి పేర్లూ చెప్తాను."

"పేర్లన్నీ ఎందుకు? టైమవుతోంది, సారు బస్సందుకోవాలి" అన్నాను.

"నాకేం తొందర లేదండి" అన్నాడాయన, తలెత్తకుండా రాస్తూ.

తిథులతో సహా చెప్తున్నాడు మా అన్న. చదువు లేని మనిషి, సంతకం కూడా రాదు. పదకొండైంది, పన్నెండైంది. నేను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. పద్దెనిమిదోది చెప్పి పక్కన పెట్టే సమయానికి, ఎండలో కొంగు నెత్తిన వేసుకుని, కేరేజీతో వేణి వస్తోంది.

"వద్దన్నానా?" అన్నాను, ఆవిడ గుమ్మం ఎక్కకుండానే.

"అంత దూరం నుంచొచ్చినాయన్ని అన్నం పెట్టకుండా పంపుతారేంటండీ?" అని లోపలికొచ్చి, "బావగారూ, వంకాయ కూర, మజ్జిగపులుసు" అని మా అన్న చెవిలో అరిచి, కేరేజీ బల్ల మీద పెట్టింది.

పెట్టెలో ఒక్కటే మిగిలింది. మా అన్న దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వేణిని చూశాడు, నన్ను చూశాడు.

"ఇదెవరిదండీ?" అన్నాడు సత్యప్రసాద్ గారు పెన్ను పట్టుకుని.

"ఇది... ఇది గుర్తులేదండి. పెద్దోణ్ణయిపోయాను కదండీ."

మా అన్న అబద్ధమాడ్డం నేనెప్పుడూ చూళ్ళేదు. అది కూడా నా కోసమే. అంతకుముందు పద్దెనిమిదింటికీ తిథీ వారమూ చెప్పిన మనిషి. సత్యప్రసాద్ గారికి కూడా నమ్మబుద్ధి కాలేదనుకుంటాను, దాన్ని చేతిలోకి తీసుకుని, మధ్య కాగితం మీద పాట పేరు పైకి చదివాడు.

వేణి కేరేజీ మూత తియ్యబోతూ ఆగిపోయింది.

"ఆ పాట ఒకసారి వెయ్యండి, బాబూ."

"ఇప్పుడెందుకు?" అన్నాను.

"కొనుక్కునేటోరికి ఎలాగుందో తెలియద్దాండీ?"

సత్యప్రసాద్ గారు దారం తెంపడానికి బ్లేడు తీశాడు. వేణి వద్దని, రికార్డు తీసుకుని గోళ్ళతో ముడి విప్పింది. పంతొమ్మిదేళ్ళ ముడి, ఒక పట్టాన రాలేదు. ఎవ్వరూ సాయం చెయ్యలేదు. విప్పిన దారం మా అన్న చేతిలో పెట్టి, రికార్డు తనే మిషను మీద పెట్టింది. ముల్లు సత్యప్రసాద్ గారు దించాడు.

ఒక్క గరగర లేదు. నిన్న కొన్నట్టుంది. మరదలు నవ్వుతోంది, బావ బతిమాలుతున్నాడు, వెనకాల డోలక్. మా అన్న చేయి మిషను చెక్క మీద ఆనించి ఉంచాడు, అదురు తెలుస్తుందని.

వేణి గోడకి ఆనుకుని నిలబడి వింటోంది. మొదటి చరణం అవుతుండగా, "ఇక్కడ" అంది.

సత్యప్రసాద్ గారు ఏంటన్నట్టు చూశాడు.

"ఇక్కడండీ, సంపూర్ణమ్మ తిరిగొచ్చింది. చెప్పానమ్మా, వస్తున్నాడంది. మైకు గొట్టం కాలవ వైపే కట్టారు కదా, పక్కన నిలబడ్డట్టే వినపడేది. పాట ఆగుద్దని చూస్తున్నాను. ఆగితే ఈయన బయల్దేరినట్టు."

పాట ఆగలేదు. మరదలు మళ్ళీ నవ్వింది.

"ఇక్కడ నీళ్ళు కక్కింది" అంది వేణి. కొంచెం ఆగి, "ఇక్కడ కళ్ళు తెరిచింది. నాన్నేడని అడిగింది. వస్తున్నాడమ్మా, పాటయిపోతంది అన్నాను."

నేను కిందకి చూస్తున్నాను. చాప అంచున కొబ్బరినూనె మరక ఒకటుంది.

"ఈ డోలక్ దగ్గర మళ్ళీ మూసేసుకుంది."

పాట ఇంకా ఉంది. ఇంత పొడుగు పాటని నేనెప్పుడూ అనుకోలేదు. అయిపోయాక ముల్లు మధ్యలో గిరగిర తిరుగుతూ ఉండిపోయింది, ఎవరూ ఎత్తలేదు. చివరికి మా అన్నే, చెక్కలో అదురు మారిందని తెలిసి, చెయ్యి చాపి ఎత్తాడు.

"నీకు... తెలుసా?" అన్నాను వేణితో.

"నాకు చెవులున్నాయి కదండీ."

సత్యప్రసాద్ గారు పుస్తకం మూసెయ్యబోయాడు. "ఇది మీరు ఉంచేసుకోండమ్మా" అన్నాడు.

"ఆయన్నడగండి" అంది.

పొద్దుట్నుంచీ ఆ రికార్డు గుమ్మం దాటితే చాలనుకున్నాను. ఇప్పుడు తీసుకెళ్ళండని నోరు రాలేదు, ఉంచండనీ రాలేదు. మా అన్న నల్లదారం చుట్టచుట్టి పట్టుకుని నా నోటివైపే చూస్తున్నాడు. చెవిటివాళ్ళు అలాగే చూస్తారు.

"రాసుకోండి" అన్నాను. "పందొమ్మిదోది. పాపాయి. ఐదేళ్ళు. మా ఊరే. కబురొచ్చాక కూడా పాట పూర్తిగా వేశాను. వేసింది నేను, చిట్టియ్యని."

ఆయన రాయలేదు. మా అన్న గట్టిగా, "రాయండి బాబూ, పేరు లేకుండా ఉండకూడదు" అంటే, అప్పుడు రాశాడు.

ఆయన అన్నం తినలేదు. పద్దెనిమిదీ సంచుల్లో సర్దుకుని, ఆ ఒక్కటీ మిషను మీదే వదిలేసి, మా అన్నకి రెండు చేతులూ జోడించి బస్సు కోసం వెళ్ళిపోయాడు.

వేణి మా అన్నకి వడ్డించింది. నాకూ వడ్డించింది. వంకాయ కూరలో కారం ఎక్కువైందని మా అన్న అన్నాడు, ఎప్పుడూ అనేదే. ఆయన తిని చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళాడు. నేను అన్నం కలపకుండానే కూర్చున్నాను.

"సంపూర్ణమ్మ మీతో ఏమందండీ? సరిగ్గా ఏమంది?" అంది వేణి.

"పడిపోయిందంది. తీశారంది."

"తీశారనే అందా?"

"తీశారనే అంది. తీశారంటే బతికే ఉంది కదా అనుకున్నాను వేణీ."

ఆవిడ నా కంచం వైపు చూసింది.

"బతికుంటే మరి రావాలి కదండీ" అంది.

గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, కేరేజీ కమ్మీ బిగించి, కొంగు నెత్తిన వేసుకుని ఎండలోకి దిగి వెళ్ళిపోయింది.